పాతలో సౌనాలో

మార్చి 9

తైస్తో పడిపోయాడు. కాఫీ కప్పు మాత్రం పగల్లేదు.

మార్చి 10

నిన్న రాసింది చదువుకుంటే నాకే సిగ్గేసింది. మొగుడు నేలమీద పడి ఉంటే పెళ్ళాం కప్పు సంగతి రాసిందట. కానీ నాకు గుర్తున్నది అదే.

గడ్డకట్టిన సరస్సు మీంచి వల తీసుకుని వచ్చాడు. చేపల బక్కెట్టు గుమ్మంలో పెట్టాడు. చేతి తొడుగులు విప్పి పొయ్యి పైన ఆరేశాడు. కాఫీకి కూర్చున్నాడు. నేను బల్లకి అటు పక్క పిల్లల పేపర్లు దిద్దుతున్నాను. పిల్లలంటే మా భాష నేర్చుకోవడానికొచ్చే పరాయి దేశాల స్టూడెంట్లు, అందులో కొందరు నాకంటే పెద్దవాళ్ళు. కాఫీ ఒలికి నా పేపర్ల మీదికి పారుతుంటే "ఏమిటది, చూసుకోవూ!" అని కసిరాను. ఆయన చూసుకోలేదు. మూతి ఒక పక్కకి జారిపోయి ఉంది. కప్పు ఒళ్ళోకి దొర్లి, అక్కణ్ణుంచి కింద పరిచిన గొంగళి మీదికి మెల్లగా దిగింది. దాని వెనకే మనిషి.

అంబులెన్సులో నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టారు. శ్మశానం మలుపు దగ్గర పైన్ చెట్లు వచ్చాయి. వాటికి కొట్టిన చెక్క పలకలు సగం మా మామగారు చెక్కినవే. పేరు పొడి అక్షరాలు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. అంతే. శవాన్ని తీసుకెళ్ళేవాళ్ళు ఆ చెట్ల దగ్గర ఆగుతారు, పలక కొడతారు, తలా ఒక గుక్క తాగుతారు, కదులుతారు. మా వైపు చచ్చినవాళ్ళకి కూడా ఒక్క మంచి మాట దక్కదు. నేను కళ్ళు మూసుకున్నాను.

మెదడులో ఎడమ పక్క రక్తనాళం మూసుకుపోయిందట. కుడి చెయ్యి, కుడి కాలు, మాట. "మాట" అన్నప్పుడు డాక్టరమ్మ గొంతు తగ్గించింది. "ఆయన పెద్దగా మాట్లాడే మనిషి కాదులెండి" అన్నాను నేను. ఎందుకన్నానో నాకు తెలియదు.

మార్చి 12

మొదటి మాట అన్నాడు. "నీళ్ళు."

వట్టి మాట. మా భాషలో అడిగేటప్పుడు దానికి ఉండాల్సిన విభక్తి లేదు. మూడేళ్ళ పిల్ల కూడా తప్పని చోట తప్పాడు. "పూర్తిగా చెప్పు తైస్తో" అనేశాను, అలవాటు చొప్పున. నర్సు నా వంక చూసిన చూపు నేను చచ్చినా మర్చిపోను.

మార్చి 13

కప్పు. కిటికీ. కాలు. చేప.

అన్నీ వట్టివే. ఇటుకలున్నాయి, మధ్యన సున్నం లేదు. మాట నేర్పడానికొచ్చే అమ్మాయి పిర్యో చెప్పింది: ముందు వస్తువుల పేర్లే వస్తాయట. విశేషణాలు అసలే లేవట, పెద్ద, చిన్న, ఎర్ర, ఏదీ. "ఇక విభక్తులంటారా, రావచ్చు, రాకపోవచ్చు" అంది నవ్వుతూ. మా భాషకి పదిహేను విభక్తులు. ముప్ఫై ఏళ్ళుగా నేను తినే తిండి వాటి మీద వచ్చిందే.

మార్చి 16

పాఠానికి వెళ్ళాను. ఇంట్లో కూర్చుని ఏం చేస్తాను? ఆ గొంగళి మీద కాఫీ మరక ఉంది.

బోర్డు మీద రాశాను. పెద్ద ఇల్లు. దాని కింద, పెద్దలో ఇంట్లో. దాని కింద, పెద్ద నుంచి ఇంటి నుంచి.

"ఇంట్లో అన్నాక తెలిసిపోయింది కదా టీచర్, మళ్ళీ పెద్దలో ఎందుకు?" అంది ప్రానీ. థాయిలాండ్ నుంచి అడవి పళ్ళు ఏరే పనికొచ్చి, మా ఊరి లారీ డ్రైవర్ని చేసుకుని ఉండిపోయింది. ముసలివాళ్ళ హోమ్‌లో వంటగదిలో పని. ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్నే అది, నా జవాబూ ప్రతి ఏడూ అదే.

"విశేషణం నామవాచకం పక్కన నడిచే మనిషి. నామవాచకం ఏ కోటు తొడుక్కుంటే దానికీ ఆ కోటే. ఈ చలిలో మీ ఆయన్ని బయటికి తీసుకెళ్తూ నువ్వొక్కదానివే కోటు వేసుకుంటావా?"

"మా ఆయనకి కోటక్కర్లేదు టీచర్, లోపల వేసుకునే వస్తాడు" అని సీసా ఎత్తినట్టు చేత్తో చూపించింది. క్లాసంతా గొల్లుమంది.

"మరి మీ భాషలో ఎలా?"

"మా భాషలో మాటలకి బట్టలే లేవు. పుట్టినప్పుడెలా ఉన్నాయో అలాగే ఉంటాయి. మా అమ్మ 'అన్నం, వేడి, రా' అంటుంది. వెళ్తాను. ఒక్క రోజు కూడా ఆకలితో పడుకోలేదు."

మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను. తరవాత బోర్డు వైపు తిరిగి, సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించాను.

మార్చి 19

ఈ రోజు ఆసుపత్రిలో హెల్వీ. తైస్తో అక్క, మా సరస్సుకి అవతలి ఒడ్డున ఒంటరిగా ఉంటుంది, డెబ్బై దాటినా ఒక కాలితో మంచుని తన్నుతూ నడిపే తన్నుడు బండి మీద మా ఇంటికి వస్తుంది. తమ్ముడికి చేప కూరి కాల్చిన రై పిండి రొట్టె తెచ్చింది. మింగడం రాని మనిషికి.

"వాసనైనా చూస్తాడు" అని ముక్కు దగ్గర పెట్టింది. తైస్తో కళ్ళు తెరిచాడు. అంతే, ఆవిడకి పట్టపగ్గాల్లేవు. "వింటున్నావా తమ్ముడూ, లేచి ఇంటికొచ్చెయ్. చక్రాల కుర్చీ రోడ్డు మీంచి గుమ్మం దాకా రావాలంటే ఆ పాత సౌనా అడ్డం. మంచు కరగ్గానే దాన్ని పీకించేస్తా. ట్రాక్టరు కూడా మాట్లాడేశా. ఇంట్లో కరెంటు సౌనా ఉండగా ఆ పొగ కొంప ఎందుకు, ఎలకలకి ఆవిరి స్నానాలు చేయించడానికా?"

తైస్తో ఏదో అనబోయాడు. రాలేదు.

వరండాలో నర్సు నన్ను ఆపింది. ఏప్రిల్ నెలాఖరుకి ఇక్కణ్ణుంచి పంపించెయ్యాలి, ఇంటికా, హోమ్‌కా? మీరే చెప్పాలి, తొందరేం లేదు, కానీ ఆలోచించుకోండి.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అంది హెల్వీ. "వాడు వాడి ఒడ్డున ఉండాలి."

"నాకు ఉద్యోగం ఉంది హెల్వీ."

"నీకు ఉద్యోగం ముప్ఫై ఏళ్ళ నుంచీ ఉంది పంతులమ్మా. మొగుడూ అప్పట్నుంచే ఉన్నాడు."

మార్చి 20

హోమ్ మంచిదే. అక్కడ ఎత్తి పడుకోబెట్టే యంత్రం ఉంది. నా నడుము సంగతి నాకు తెలుసు. ఆయన మంచి కోసమే ఆలోచిస్తున్నాను.

ఆ చలికాలం సంగతికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. మూడేళ్ళ కిందట నాకు రొమ్ము కోసేసిన చలికాలం. మందులెక్కించుకుని వచ్చి సోఫా మీద బక్కెట్టు పట్టుకుని పడుకుంటే, ఆయన కాఫీ తాగి, టోపీ పెట్టుకుని, కట్టెలకని పాత సౌనా వైపు పోయేవాడు. భోజనం వేళకి గానీ తిరిగొచ్చేవాడు కాదు. ఆసుపత్రికి కారు నడిపేవాడు, ఎంత దూరమైనా ఒక్క మాట ఉండేది కాదు. లోపలికి రాడు. కార్లోనే కూర్చుంటాడు. "ఎలా ఉంది?" అని ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

నాకు కోపమేమీ లేదు. మా ఊళ్ళో మగాళ్ళందరూ అంతే.

మార్చి 23

కోటు కూడా విప్పకుండా రాస్తున్నాను.

పిర్యో బొమ్మల కార్డులు చూపిస్తోంది. ఇల్లు, కుక్క, టోపీ. తైస్తో ఎడమ చేత్తో అన్నీ తోసేసి, నా వంక చూసి అన్నాడు: "పాతలో సౌనాలో."

స్పష్టంగా. రెండు మాటలకీ విభక్తి ఉంది. విశేషణానికి కూడా! విశేషణాలే లేవన్న మనిషి! పిర్యో చేతిలో పెన్ను ఆగిపోయింది. నేను చప్పట్లు కొట్టాను, క్లాసులో కొట్టినట్టు. "మళ్ళీ అను, మళ్ళీ!"

మళ్ళీ అన్నాడు. మళ్ళీ. గొంతు పెరుగుతోంది. నా చొక్కా చెయ్యి గుప్పిట పట్టాడు. కళ్ళలో నీళ్ళు. నా చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు.

"సౌనా కావాలా? శనివారం ఆవిరి స్నానం గుర్తొచ్చిందా? ఇప్పుడు కుదరదు తైస్తో, డాక్టర్లు ఒప్పుకోరు."

ఎడమ పిడికిలితో మంచాన్ని గుద్దాడు. పెళ్ళయ్యాక ఆయన దేన్నీ గుద్దడం నేను చూడలేదు.

బయటికొచ్చాక పిర్యో చెప్పింది: "ఒక్కోసారి ఒక ముక్క అలా చెడకుండా మిగిలిపోతుంది. గీత పడ్డ రికార్డు లాంటిది. దానికి అర్థం ఉండకపోవచ్చు." ఆ మాట నాకు నచ్చింది. అర్థం లేదు.

మార్చి 24

మిగతావన్నీ వట్టి మాటలే. చెంచా. మంచు. ఐలా. నా పేరు అన్నాడు, నేను అటు తిరిగి దుప్పటి సర్దుతున్నాను.

మార్చి 27

పాతలో సౌనాలో. పాతలో సౌనాలో. పక్క మంచం ముసలాయన "ఎవరైనా వాణ్ణి ఆ సౌనాకి తీసుకెళ్ళండయ్యా, నాకు నిద్ర లేదు" అన్నాడు.

నేను ఇంటి నుంచి కార్డులు రాసి తీసుకెళ్ళాను. పాత, పాతలో, పాత నుంచి, పాతకి. ఒక మాట వచ్చినచోట మిగతావీ రావాలి కదా. చూడనైనా చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. విసుగొచ్చిన స్టూడెంట్లు ఎలా ఉంటారో నాకు తెలుసు. అది విసుగు కాదు. కానీ విసుగనే అనుకున్నాను.

ఏప్రిల్ 1

హోమ్ అని చెప్పేశాను.

నర్సు తలూపింది. ఏమీ అడగలేదు. అడిగితే చెప్పడానికి నడుము గురించీ యంత్రం గురించీ అన్నీ సిద్ధంగా పెట్టుకున్నాను.

ఏప్రిల్ 2

ప్రానీ క్లాసయ్యాక ఆగింది. "టీచర్, మీ ఆయనకి రోడ్డు వైపు కిటికీ ఉన్న గది ఇస్తున్నారు. సరస్సు కనపడదు, కార్లు కనపడతాయి. నేను సూపులో కొంచెం కారం వేస్తాలెండి, ఎవరికీ చెప్పకండి."

థాంక్స్ చెప్పాను. కార్లు కూడా మంచివే, కదులుతుంటాయి.

ఏప్రిల్ 5

ఈస్టర్. పొద్దున తలుపు తీస్తే మెట్టు మీద హెల్వీ చేసిన మెమ్మి గిన్నె, రై పిండితో వండే మా ఈస్టర్ తీపి. తలుపు కొట్టకుండా పెట్టి పోయింది. మంచులో బండి గీతలు ఒడ్డు దాకా ఉన్నాయి. మా మధ్య మాటల్లేవు, నేను హోమ్ అన్న రోజు నుంచీ. మాటలు లేకపోయినా పండగకి మెమ్మి పెట్టాల్సిందే, అదీ హెల్వీ. నల్లగా, తియ్యగా, గొంతులో అడ్డం పడేలా ఉంది. అంతా నేనే తినేశాను.

ఏప్రిల్ 12

రాయలేను.

ఏప్రిల్ 12, సాయంత్రం

వరసగా రాస్తాను.

బర్చి చెట్టు కొమ్మల కట్ట కోసం వెళ్ళాను. ఆవిరి గదిలో ఒళ్ళు తట్టుకునే ఆ కట్టల్ని తైస్తో పాత సౌనా దూలానికి వేలాడదీసి ఎండబెడతాడు. హోమ్‌కి మారేముందు ఆ ఆకుల వాసనైనా చూపిద్దాం, అంతగా అరుస్తున్నాడు కదా అనుకున్నాను. మంచి పనే అనుకున్నాను.

ఏళ్ళ తరబడి నేను ఆ గుమ్మం దాటలేదు. చిమ్నీ లేని పొగ సౌనా, ముట్టుకుంటే మసి. కట్ట ఒకటి తెంపుకున్నాను. పై బల్ల మీద, గోడకి ఆనించి, గోనెగుడ్డ చుట్టిన చెక్క ఒకటి కనిపించింది. పడవ తెడ్డు అనుకున్నాను. గుడ్డ విప్పి గుమ్మం వెలుతురులోకి తెచ్చాను.

పైన్ పలక. ఉలితో చెక్కినవి, నిటారుగా, లోతుగా, ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ పోకుండా:

ఐ. కా.
1966 –

గీత తరవాత ఖాళీ. నాలుగు అంకెలకి సరిపోయే చోటు, నున్నగా చిత్రిక పట్టి ఉంది.

ఐలా కార్తినెన్. పంతొమ్మిది వందల అరవై ఆరు. నేను.

అది నా పలక.

ఏప్రిల్ 13

బడికి ఫోన్ చేసి జలుబన్నాను.

బతికున్న మనిషికి ఎవరూ చెక్కరు. ఏ ఊళ్ళోనూ చెక్కరు. పోయాక, శవం ఇంట్లో ఉండగా చెక్కుతారు. ఇది పాతబడి ఉంది, మసి పట్టి ఉంది. కొత్తది కాదు.

ఇప్పుడు అర్థమైంది. నేను సోఫా మీద పడుకుని వాంతులు చేసుకుంటుంటే ఆ సౌనా వైపు నుంచి టక్ టక్ మని వినిపించేది. పడవ బాగుచేస్తున్నాడనుకున్నాను. ఒకసారి భోజనం దగ్గర "అయిందా?" అని కూడా అడిగాను. "కాలేదు" అన్నాడు. నా పలక!

నాకు జుట్టు ఊడుతుంటే ఆయన ఉలి నూరుకుంటున్నాడు.

ఏప్రిల్ 13, రాత్రి

పొద్దున రాసింది కొట్టెయ్యను. నాకు కోపం ఉంది. మూడేళ్ళుగా ఉంది. హోమ్ అన్నది నడుము కోసం కాదు. తైస్తో, నువ్వు నన్ను వదిలేసి పోయావు కాబట్టి, నేనూ నిన్ను వదిలేస్తున్నాను. రాశాను. ఎవరు చదువుతారు?

ఏప్రిల్ 14

హెల్వీ వచ్చింది. మెమ్మి గిన్నె కోసమంది. గిన్నె ఇస్తూ పలక కూడా చేతిలో పెట్టాను.

చాలాసేపు చూసింది. బల్ల దగ్గర కూలబడింది. "దేవుడా" అంది. "బతికున్నదానికి..."

"చూశావా నీ తమ్ముడి నిర్వాకం? వాడు వాడి ఒడ్డున ఉండాలన్నావే!"

"ఉండు ఐలా. కాఫీ పొయ్యి." నేను పొయ్యలేదు. ఆవిడే లేచి పోసుకుంది. "మా నాన్న ఊరందరికీ పలకలు చెక్కాడు, నీకు తెలుసు కదా. అమ్మ పోయిన రోజు ఉలి పట్టుకుని ఇదే బల్ల దగ్గర కూర్చున్నాడు. చెయ్యి కదల్లేదు. పొద్దున్నుంచీ కూర్చున్నాడు, ఒక్క గీత పడలేదు. చివరికి పొరుగాయన లాక్కుని చెక్కాడు. ఆ పొరుగాయన అప్పటికే తాగి ఉన్నాడు. అమ్మ అక్షరాలు ఒకటి సరస్సులోకి చూస్తుంది, ఒకటి అడవిలోకి. తైస్తోకి అప్పుడు తొమ్మిదేళ్ళు. వాడు ఇప్పటికీ ఆ చెట్టు వైపు చూడడు. నువ్వు గమనించలేదా?"

గమనించలేదు. ఆ మలుపులో ఆయన ఎప్పుడూ రేడియో తిప్పుతుంటాడు.

"అయితే? చెయ్యి కదలకపోతుందని ముందే చెక్కి పెట్టుకుంటాడా? నేను లోపల బతికే ఉన్నాను హెల్వీ! నాకు కావలసింది పలకా? లోపలికొచ్చి ఒక్క మాట అంటే సరిపోయేది."

హెల్వీ కప్పు పక్కకి జరిపి లేచింది. కాఫీ చల్లారిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "నేనే ఆ ట్రాక్టరు సంగతి చెప్పాను వాడికి" అంది. "మంచం పక్కన కూర్చుని. పీకించేస్తానని."

ఆవిడ వెళ్ళాక గానీ నాకు తట్టలేదు, ఆయన అన్ని రోజులూ అరిచింది ఈ పలక కోసమని. నేను చప్పట్లు కొట్టాను.

ఏప్రిల్ 16

పలకని తువ్వాల్లో చుట్టి కారు వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళాను. శ్మశానం మలుపులో రేడియో తిప్పాను.

మంచం మీద, ఆయన ఒళ్ళో పెట్టి గుడ్డ తీశాను. తైస్తో కళ్ళు మూసుకున్నాడు.

"ఇదేనా? దీని కోసమేనా అన్ని రోజులు అరిచావు? చూడకూడదనా? కళ్ళు తెరువు. నేను చచ్చిపోతానని లెక్క కట్టేసుకున్నావా? బక్కెట్టు పట్టుకోవడానికి రాని చేతికి ఉలి పట్టుకోవడం వచ్చిందా?" అరిచాను. ఆసుపత్రిలో, నేను. పక్క మంచం ముసలాయన దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

తైస్తో కళ్ళు తెరిచాడు. నోరు కదిలింది. చాలాసేపు పట్టింది.

"అమ్మ."

ఆగాడు.

"అక్షరం."

మళ్ళీ ఆగాడు. నుదుటి మీద చెమట. పూర్తిగా చెప్పు అని నా నోటి చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగపట్టుకుని కూర్చున్నాను.

"ఐలా. కారు. భయం."

భయం. కార్లో కూర్చున్నప్పటి భయమా, నేను పోతాననా, తన చెయ్యి కదలదనా? ఏ విభక్తీ లేదు. అయినా నాకు అందింది. ఆసుపత్రి ముందు, ఇంజను ఆపేసిన కార్లో, టోపీ చేతుల్లో నలుపుకుంటూ కూర్చున్న మనిషి కనిపించాడు. నేను బయటికొచ్చినప్పుడల్లా ఆ టోపీ నలిగిపోయి ఉండేది. దాన్ని ఇస్త్రీ చేసింది నేనే.

అప్పుడాయన ఎడమ చేత్తో పలక అంచు పట్టుకున్నాడు. తిప్పాలని చూస్తున్నాడు. బరువుకి జారిపోతోంది. నేను పట్టుకుని తిప్పాను.

వెనక వైపు నేను చూడనేలేదు.

ముందు వైపున్న నిటారు అక్షరాలు కావు. చెక్కి, గీకేసి, మళ్ళీ చెక్కినవి, చలికాలమంతా పట్టేటన్ని. తెలివైన, అని ఒకటి. దాని మీద అడ్డగీత. నిక్కచ్చి, దానికీ అడ్డగీత. కోపిష్టి, దాన్ని మాత్రం కొట్టెయ్యలేదు, దొంగ మనిషి. మంచి, అని రెండు చోట్ల. ఒక మూల ఏదో మొదలుపెట్టి మానేశాడు. వాటన్నిటికీ అడుగున, మళ్ళీ మళ్ళీ ఉలి తిప్పి వేలు దూరేటంత లోతు చేసిన మాట ఒకటి:

ప్రియమైన

పక్కన పేరు లేదు. ముందు వైపు ఎక్కించడానికి ధైర్యం చాల్లేదు కాబోలు. మా పలకల మీద పేరూ ఏళ్ళే ఉంటాయి, మా మామగారు చెక్కిన ఒక్క పలక మీదా విశేషణం లేదు. ఈ మనిషి ఆ చలికాలమంతా ఆ మసి కొంపలో కూర్చుని నాకొక విశేషణం వెతికాడు. నేను ఇక్కడ అటెండెన్సు వేసుకుంటూ కూర్చున్నాను, ఈ రోజూ రాలేదు, ఈ రోజూ అడగలేదు అని.

ఆ లోతులో వేలు పెట్టి కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ముసలాయన దుప్పటి లోంచి "అయిపోయిందా?" అన్నాడు.

"పొయ్యి" అన్నాడు తైస్తో, పలక వైపు చూస్తూ. పొయ్యిలో పెట్టి కాల్చెయ్యమని.

"కాల్చను" అన్నాను. "నా పలక. నా ఇష్టం."

ఏప్రిల్ 17

హోమ్‌కి ఫోన్ చేసి గది వద్దన్నాను. శరత్తు దాకా సెలవు పెట్టాను. నడుము సంగతి నడుమే చూసుకుంటుంది.

ప్రానీ ఫోన్ చేసింది. "అయితే నా కారం ఎవరికి వెయ్యాలి టీచర్?" ఇంటికొచ్చి వెయ్యమన్నాను.

ఏప్రిల్ 29

తైస్తో ఇంట్లో ఉన్నాడు. చేపలు గుర్తొచ్చాయి కాబోలు, రాగానే గుమ్మంలో బక్కెట్టు కోసం చూశాడు. ఎత్తి పడుకోబెట్టేసరికి ఇద్దరం రొప్పుతున్నాం. హెల్వీ ట్రాక్టరు తెచ్చింది, కానీ పాత సౌనాకి కాదు. దాని చుట్టూ తిరిగొచ్చేలా దారికి కంకర పోయించింది. "పొడుగు దారే, అయితేనేం, వీడికేం తొందర" అంది.

మే 6

చెంచా విసిరేశాడు. నేనూ అరిచాను. ఇది పండగేం కాదు.

మే 9

కప్పు. కాఫీ. రొట్టె. వట్టి మాటలే. పోసి ఇస్తున్నాను.

మే 23

సరస్సు మీద మంచు పోయి చాలా రోజులైంది. శనివారం. తైస్తోని కుర్చీలో కంకర దారి మీంచి పాత సౌనా గుమ్మం దాకా తోసుకొచ్చాం, నేనూ హెల్వీ. ఆవిరి స్నానానికి డాక్టరు ఇంకా ఒప్పుకోలేదు. పొయ్యి వెలిగించి గుమ్మంలో కూర్చుంటే చాలనుకున్నాం, వేడి తగులుతుంది.

ముందుగా పలక కొట్టాను. బట్టలు విప్పుకునే చోట, చిలక్కొయ్య పైన. పేరూ ఏడూ గోడ వైపుకి, వెనక వైపు మనుషులకి కనపడేలా. ఆ ఖాళీ చోటు అవతలే ఉంటుంది, దాని టైము వచ్చినప్పుడు చూసుకుంటుంది. నాకు సుత్తి పట్టడం రాదు. మేకు రెండుసార్లు వంగింది.

"వంకర" అన్నాడు తైస్తో.

హెల్వీ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మార్చి తరవాత, ఆ సౌనా మాట తప్పించి, ఆయన అన్న మొదటి విశేషణం అది. ఏది వంకర, పూర్తిగా చెప్పు అని నేను అడగలేదు. మేకు పీకి మళ్ళీ కొట్టాను. "ఇప్పుడు?"

చాలాసేపు చూశాడు. పలకని కాదు. నన్ను చూస్తూ నోరు కూడదీసుకున్నాడు. ఏ చెంచానో, ఏ కప్పో అంటాడనుకుని నేను ఎదురుచూశాను.

"ప్రియమైన" అన్నాడు.

అక్కడితో ఆగాడు. ఇంకేమీ రావాల్సిన పని లేదు.

సుత్తి నా చేతిలోనే ఉంది. కళ్ళు తుడుచుకోవడానికి కూడా దాన్ని కింద పెట్టాలని తట్టలేదు. హెల్వీ ముక్కు గట్టిగా చీదుకుని, "మా నాన్న ఎనభై ఏళ్ళు బతికాడు, ఆ మాట ఒక్కసారి అనలేదు" అంది. తరవాత నా మొహంలోకి చూసింది. "ఏమిటి పంతులమ్మా, పొయ్యి ఇంకా వెలిగించనేలేదు, అప్పుడే కళ్ళల్లో పొగా?"

నేను కట్టెలు తేవడానికి వెళ్ళాను.